చింతపండుతో తోమిన రివాల్వర్

నల్లగొండ లాడ్జి గదిలో రఘుపతి కుర్చీలో కూర్చునే చనిపోయి ఉన్నాడు. ముందున్న టీ గ్లాసులోంచి ఘాటైన చేదు వాసన.

"సైనైడ్," అన్నాడు చీఫ్. "పాత ఆయుధాల వాల్యుయేషన్‌లో ఈయన ఎక్స్‌పర్ట్. నిన్న మర్రిగూడలో ఒక రివాల్వర్ చూసొచ్చాడు. ఇవాళ సర్టిఫికెట్ రాయాలి."

1962 డిసెంబర్. చైనా సరిహద్దులో కాల్పులు ఆగి ఎన్నాళ్లో కాలేదు. సాయంత్రం నల్లగొండలో రక్షణ నిధి సభ. మర్రిగూడ గొర్లకాపరి బీరన్న, తండ్రి మల్లన్న మొదటి ప్రపంచ యుద్ధంలో బస్రా నుంచి తెచ్చి దాచుకున్న మిలిటరీ రివాల్వర్‌ను బ్రిగేడియర్‌కు విరాళంగా ఇవ్వబోతున్నాడు.

"దానికి సరిపోయే తూటాలు ఇప్పుడెక్కడా దొరకవు. ఉత్త ఇనుము. అందుకే స్టేజీ మీదికి పర్మిషన్ ఇచ్చాం," అన్నాడు చీఫ్.

"మరి ఉత్త ఇనుమును చూసినందుకు మనిషిని చంపుతారా సార్?" ఏజెంట్ ఏసోబు అడిగాడు.

"చంపింది 'ఆర్కిడ్'. విదేశీ ముఠా. ఎందుకో నువ్వు చెప్పాలి. ఇక నువ్వు రఘుపతి అసిస్టెంటువి. మన కౌసల్య మ్యూజియం సెక్రటరీ వేషంలో అక్కడే, రివాల్వర్‌కు కాపలాగా ఉంది. కోడ్: గుట్ట మీద రద్దీ ఎలా ఉంది?"

ఏసోబు కళ్లజోడు పెట్టుకున్నాడు. మూతలో భూతద్దం అమర్చిన పెన్ను జేబులో పెట్టుకుని, శవం కళ్లు మూసి బయల్దేరాడు.

మర్రిగూడలో బీరన్న ఇంటి ముందు నల్ల కారు ఆగి ఉంది. గుమ్మంలో కౌసల్య. పోచంపల్లి పట్టుచీర, నల్ల కళ్లద్దాలు.

"గుట్ట మీద రద్దీ ఎలా ఉంది?"

"కొండ దిగేవాళ్లే ఎక్కువ," నవ్వింది కౌసల్య.

బీరన్న తల్లి సైదమ్మ గొంగడి మూట విప్పింది. రివాల్వర్ తళతళ మెరిసింది. కౌసల్య నవ్వు ఆగిపోయింది.

"ఏం చేసినవవ్వా దీన్ని?" ఏసోబు అడిగాడు.

"చింతపండు, బూడిద పెట్టి తోమిన బిడ్డా. నిన్నొచ్చిన సారు ముట్టొద్దన్నడు గని, గంత పెద్ద మనిషి చేతిల మురికిది పెడ్తమా? మా మల్లన్న పోయినప్పటి సంది దసరా దసరాకు రుద్దుతనే ఉన్న, తుప్పు పోకపాయె. ఇయ్యాల ఒక్క రుద్దుడుకే పోయింది."

ఏసోబు రివాల్వర్‌ను చేతిలోకి తీసుకున్నాడు. బస్రా యుద్ధం నాటి తుప్పు ఒక్క రుద్దుడుకు పోదు. ఇది యాసిడ్‌తో నిన్నో మొన్నో పట్టించిన తుప్పు.

పెన్ను మూత తీసి చూశాడు. వెబ్లీ, ఆరు గుండ్లది. 1915 ముద్ర, మిలిటరీ బాణం గుర్తు అసలువే. మీట నొక్కి, మధ్యలో మడిచి తెరిచాడు. తూటాలు కూర్చునే సిలిండర్ వెనక అంచును కొత్తగా అరగదీశారు. తుప్పు కింద దాచిన ఆ తెల్లటి గీత చింతపండు దెబ్బకు బయటపడింది. ఇలా అరగదీస్తే ఇప్పటి పిస్టల్ తూటా చక్కగా కూర్చుంటుంది.

అసలుది తీసేసి ఇలాంటిదే ఇంకోటి పెట్టారు. అసలుది చూసిన రఘుపతిని చంపేశారు. రివాల్వర్‌కు కాపలా కౌసల్య. అంటే మార్చిందీ ఆమే.

కిటికీలోంచి చూశాడు. కారులో బీరన్న కొత్త పంచె కట్టుకుని కూర్చున్నాడు. పక్కన డ్రైవర్, మడిచిన పేపర్ కింద చెయ్యి. పేపర్ చివర బీరన్న పక్కటెముకలకు ఆని ఉంది. పాపం, దాని కింద పిస్టల్ ఉందని బీరన్నకు తెలియదు.

"విలువెంత సార్?" కౌసల్య గొంతు మెత్తగా ఉంది.

"తోమకముందైతే పన్నెండు వందలు. ఇప్పుడు యాభై. పాత సామాను తోమితే పాతదనం పోతుంది మేడమ్."

"యాభయ్యా? గింత మెరుస్తాంటే?" సైదమ్మ నొచ్చుకుంది. "నీకు కండ్లు మంచిగ కనవడతలెవ్వా బిడ్డా?"

కౌసల్య ఊపిరి వదిలింది. ఏసోబు సర్టిఫికెట్ మీద సంతకం పెట్టాడు. పెట్టకపోతే బీరన్న అక్కడే చచ్చేవాడు. కౌసల్య రివాల్వర్‌తో ఎక్కగానే కారు దుమ్ము లేపుకుంటూ పోయింది. ఏసోబు జీపు ఎక్కి తాళం తిప్పాడు. చప్పుడు లేదు. ఇంజన్ వైర్లు కోసేశారు.

పల్లీల లారీ పట్టుకుని నల్లగొండ చేరేసరికి సభ మొదలైంది. ఏసోబు సంతకం చూసి సెక్యూరిటీ రివాల్వర్‌ను తనిఖీ చేయకుండానే లోపలికి వదిలేసింది. బీరన్న చేతులు జోడించి స్టేజీ మీద నిలబడ్డాడు. కౌసల్య పళ్లెంలోంచి రివాల్వర్ తీసి బ్రిగేడియర్ వైపు నడిచింది. ఇస్తుండగా పొరపాటున పేలినట్టే కనిపిస్తుంది. ఆయన చనిపోతే, తూటాలున్న తుపాకి తెచ్చినందుకు బీరన్నకు ఉరి.

ఏసోబు మెట్లు దూకి కుడిచేత్తో తుపాకితో సహా ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ట్రిగ్గర్ కదిలింది. సుత్తి ఠక్కున పడింది. తూటా మీద కాదు, ఏసోబు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ మీద. దాని మొన కండలో దిగబడింది.

"యాభై రూపాయల తుపాకి అన్నావు," అంది కౌసల్య.

"ధర చెప్పాను. పని చేయదనలేదు."

ఆమె పన్ను కింద ఏదో చిట్లింది. బ్రిగేడియర్ కాళ్ల దగ్గరే కుప్పకూలింది. కింద గార్డులు డ్రైవర్‌ను నేలకదిమారు.

అసలు రివాల్వర్ కారు సీటు కింద దొరికింది. సైదమ్మ మర్నాడు చీఫ్ ఆఫీసుకు వచ్చింది.

"నా కొడుకు మెడకు ఉరి తెద్దురు మీరు. గిది మీకియ్య. నా మొగని తుపాకి నాకియ్యుండ్రి."

చీఫ్ ఏసోబును పక్కకు పిలిచాడు. "దానికి లైసెన్స్ లేదు. విరాళం ఇస్తే వదిలేసేవాళ్లం. ఇప్పుడు నువ్వు రిపోర్ట్ రాయక తప్పదు."

"కుడిచెయ్యి పని చేయడం లేదు సార్," అన్నాడు ఏసోబు, కట్టుకట్టిన ఆ చేత్తోనే రివాల్వర్‌ను గొంగడిలో గట్టిగా చుట్టి ముడి వేస్తూ.