ఒడ్డు సెట్టులో యలమంద

వాడరేవులో చీకటి పడ్డాక ఎటైనా వెళ్ళండి గాని, మూతబడిన ఐసు ఫ్యాక్టరీ వైపు మాత్రం వెళ్ళకండి... అక్కడ యలమంద మాట్లాడతాడు.

తుఫానులో పడవతో సహా పోయిన యలమంద. శవం కూడా దొరకని యలమంద. రాత్రయితే ఆ గోడల్లోంచి అతని గొంతు— "అమ్మా... తిన్నావా?" అంటుంది. విన్నవాళ్ళు ఒకరా, ఇద్దరా! సరదాకి బీచికొచ్చిన కుర్రాళ్ళు చెప్పులు వదిలేసి పరిగెత్తారు. పగటిపూట నేనూ దెయ్యాల్ని నమ్మను లెండి. ఈ సంగతి నాకు చెప్పింది పడవల్లో వైర్‌లెస్ సెట్లు బిగించే నాగేంద్రబాబు. గోరంతను కొండంత చేసే మనిషి కాదు.

యలమందకి అన్న బుల్లయ్య. అతని పడవలో సెట్టు తాతలనాటిది. రెండు దెబ్బలు వేస్తేగాని పలకదు. పలికినా మాట కంటే గరగరే ఎక్కువ. చూసి చూసి కూతురు శ్రీదివ్య కొత్త సెట్టు కొనుక్కొచ్చింది. అందులో ఎవరు మాట్లాడినా పక్కన కూర్చుని మాట్లాడినట్టే ఉంటుంది.

బుల్లయ్య దాన్ని ముట్టుకోలేదు.

"బాబాయి పోయిన రాత్రి ఈ డొక్కుది మొరాయించబట్టే గదా నాన్నా, ఆయన కేక నీకు వినపళ్ళేదు!" శ్రీదివ్య ఏడ్చేసింది. "రేపు నీ కేక మాకు వినపడకపోతే...?"

ఆ మాటకి బుల్లయ్య తలొంచాడు. సాయంత్రం నాగేంద్రబాబు వచ్చి పాత సెట్టు విప్పి కొత్తది బిగించాడు. అప్పుడు చెప్పాడు బుల్లయ్య అసలు సంగతి, గుసగుసగా.

తల్లి సుబ్బరావమ్మకి చూపు ఆనదు. ఐసు ఫ్యాక్టరీ మూల, పడవలతో మాట్లాడ్డానికి పెట్టి, పడవల సంఘం వదిలేసిన ఒడ్డు సెట్టు ఒకటుంది. చీకటి పడగానే అక్కడ కూర్చుని చిన్నకొడుకుని పిలుస్తుంది. ఓ రాత్రి ఆ పిలుపు వినలేక, సముద్రం మీంచి బుల్లయ్యే పలికాడు— "అమ్మా... నేను, యలమందని." ఆనాటి నుంచీ రోజూ అదే తంతు. ఊరంతా భయపడ్డ దెయ్యం ఇదన్నమాట!

"గరగరలో ఎవరి గొంతో అమ్మ పోల్చుకోలేదురా. ఈ కొత్తదాంట్లో నేనని తెలిసిపోద్ది... ఆమెకి యలమంద మళ్ళీ చచ్చిపోతాడు." బుల్లయ్య పాత సెట్టు నాగేంద్రబాబు చేతికిచ్చాడు. "నువ్వే వెళ్ళి చెప్పు. నా వల్ల కాదు."

కొడుకు లేడని తల్లికి చెప్పే పని ఎవరికి ముద్దు? సెట్టు సంచిలో వేసుకుని బయల్దేరిన నాగేంద్రబాబు దారిలో టీ కొట్టు దగ్గరే చాలాసేపు కూర్చున్నాడు. లేచేసరికి చీకటి పడిపోయింది.

ఐసు ఫ్యాక్టరీ గుమ్మం. లోపల చిమ్మచీకటి... సెట్టు మీద చిన్న ఎర్ర దీపం... గరగర. ఆ గరగరలోంచి—

"అమ్మా... తిన్నావా?"

నాగేంద్రబాబు ఒక్కడుగు వెనక్కి వేశాడు. మరుక్షణమే తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. బుల్లయ్య ఉండబట్టలేక కొత్త సెట్టులో పిలుస్తున్నాడనుకున్నాడు.

"తిన్నా నాయనా. చలిగా ఉందా?"

"ఇప్పుడు లేదమ్మా..."

గరగర ఆగిపోయింది. నాగేంద్రబాబు లోపలికెళ్ళి, ఆమె పక్కన గొంతుక్కూర్చుని, ఉన్నదంతా చెప్పేశాడు. చెబుతుంటే అతనికే ఏడుపొచ్చింది.

"తెలుసులే అయ్యా," అంది సుబ్బరావమ్మ. "నా కడుపున పుట్టినోళ్ళ గొంతులు నాకు తెలీవా? ఆ రోజు పెద్దోడే, చేపలు బాగా పడతన్నాయి, ఇంకాసేపు ఉండరా అన్నాడంట తమ్ముణ్ణి. అప్పట్నుంచీ నాకు మొహం చూపించడు. తమ్ముడి పేరు పెట్టుకునైనా మాట్లాడతన్నాడు గదా అని ఊరుకున్నా. రోజూ పిలిచేది వాడి కోసమే."

ఇద్దరు కొడుకుల్నీ ఒకే తుఫానుకి పోగొట్టుకుంది ఆ తల్లి. ఒకణ్ణి ఇలాగైనా దక్కించుకుంటోంది.

గుమ్మంలో అడుగుల చప్పుడైంది. చూస్తే బుల్లయ్య!

"పడవ తియ్యలేదురా బాబూ. ఇందాకట్నుంచీ ఈ గోడవతలే నిలబడ్డా... లోపలికి రావడానికి కాళ్ళాడలేదు."

"మరి కొత్త సెట్టులో ఇప్పుడు..."

"దాని స్విచ్చే వెయ్యలేదు."

నాగేంద్రబాబు సంచి తడుముకున్నాడు. పాత సెట్టు అందులోనే ఉంది, తీగలు తెగి, చల్లగా.

బుల్లయ్యకి ఇవేవీ పట్టలేదు. వచ్చి తల్లి ఒళ్ళో తలపెట్టాడు. ఎన్నాళ్ళకో, తన గొంతుతో, తన పేరుతో—

"అమ్మా... నేను, బుల్లయ్యని. తిన్నావా?"

సుబ్బరావమ్మ అతని తల నిమిరింది.

"ఇందాకే నీ తమ్ముడూ అడిగాడురా. తిన్నానని చెప్పా."