పంచదార పూత

"ఇది దానంతట అది తెగలేదత్తా. ఎవరో కోశారు."

కూతురు రాగితీగ చుట్టను బల్ల మీద పెట్టింది. టైము ఎనిమిది. పదింటికల్లా అది ఆమె పనిచేసే ల్యాబులో ఉండాలి.

"ఎలుక కొరికిందేమోనే," అంది మేనత్త టీ వడపోస్తూ.

"ఎలుకకి కటింగ్ ప్లయర్ పట్టుకోవడం వచ్చా?"

"మీ నాన్న కొట్లో ఎలుకలకి వచ్చే ఉంటుందిలే."

నాన్న మోటార్లు చుట్టే మెకానిక్. ఈ చుట్టా ఆయన చుట్టిందే. ల్యాబులో జబ్బు కణాలకు పంచదార పూత వేసిన ఇనుప రేణువులు పెట్టారు. తీపికి ఆశపడి కణాలు వాటిని మింగాయి. ఈ చుట్టలో కరెంటు పారితే రేణువులు వేడెక్కి, కణాలను లోపలి నుంచే చంపుతాయి. ఇవాళ ఈ ప్రయోగం జరగకపోతే ప్రాజెక్టు మూసేస్తారు.

బల్ల దగ్గర ముగ్గురే. కప్పులు మాత్రం నాలుగు. అమ్మ పోయి రెండేళ్లయినా, నాలుగో కప్పులో నాన్న మూడు చెంచాల పంచదార కలుపుతూనే ఉన్నాడు. ఈ వారం నుంచి ఆ కప్పుతో మాట్లాడుతున్నాడు కూడా.

"నిన్న సాయంత్రం సరిచూస్తానని నువ్వే తెచ్చావు. నువ్వేనా, నాన్నా?"

చెంచా ఆగింది.

"మొన్న ఈ చుట్ట బిగించడానికి మీ ల్యాబుకి వచ్చినప్పుడు మీవాళ్లు మైక్రోస్కోపులో చూపించారు. ఇవి మీ ఆవిడవేనన్నారు. కదులుతున్నాయమ్మా."

"ఆపరేషన్‌లో తీసిన జబ్బు కణాలు నాన్నా. ల్యాబులో పెంచుతున్నాం."

"రెండేళ్లుగా బతికే ఉందని నాకెందుకు చెప్పలేదు?"

మేనత్త స్టవ్ ఆపేసింది.

"తీపి వెయ్యగానే గబగబా తీసుకున్నాయట. మీ అమ్మ కాక ఇంకెవరే? నా చేత్తో చుట్టిన తీగతో దాన్ని కాల్చమంటావా?"

కూతురు ఆయన ఎదురుగా కూర్చుంది. "చివర్లో అమ్మ టీ కూడా ముట్టలేదు. గుర్తుందా? నువ్వు కలిపిన కప్పు కలిపినట్టే వెనక్కి వచ్చేది. ఆ తీపి పిచ్చి అమ్మది కాదు నాన్నా, జబ్బుది. అది అమ్మని తినేసింది. ఇంకా తింటోంది."

నాన్న కప్పులోకి చూశాడు. టీ మీద మీగడ కట్టింది.

"ఆఖరి రోజు కూడా అడిగింది, తనకేమైందో చెప్పమని. అల్సరేనన్నాను. నా మొహం చూసి ఊరుకుంది."

"నేనూ అదే చెప్పాను."

ఆయన లేచి సోల్డరింగ్ ఐరన్ తెచ్చాడు. కూతురు తీగ కొసలు పట్టుకుంది. అతుకు పడింది. మీటరు పెడితే, తీగ కలిసిందన్నట్టు సన్నగా కూత వచ్చింది.

చుట్టను గుడ్డలో చుట్టి కూతురి చేతిలో పెట్టాడు. ఆమె గడప దగ్గర చెప్పులు వేసుకుంటుంటే, వెనక కుర్చీ జరిగిన చప్పుడైంది. నాన్న నాలుగో కప్పు ముందు కూర్చున్నాడు.

"నీకు అబద్ధం చెప్పానే," అన్నాడు. "అల్సర్ కాదు. నిన్ను చంపింది క్యాన్సర్."