తోలట్ట పుస్తకానికి కాపలా

గుండుగొలను దాటాక కొల్లేటి గట్టు మీద మూతపడ్డ లైబ్రరీ ఒకటుంది. పొద్దుగూకితే అటు ఎవరూ పోరు. తాళం వేసిన గదిలోంచి పొగ వస్తుందంటారు... కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినబడుతుందంటారు.

రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకుని, దేవుణ్ణీ దెయ్యాన్నీ ఒకేసారి వదిలేసి, నలభై ఏళ్లుగా రెండూ లేవని ఊరందరికీ చెబుతున్న మొండిమనిషి కోదండరామయ్య. ఆ గదిలో రెండున్నర శతాబ్దాల నాటి ఇంగ్లీషు పుస్తకం ఉంది, ఎవరో దొర వదిలిపోయినది. మనిషి మంచిగా బతకడానికి నరకభయం అక్కర్లేదని అందులో ఉందట. ఇంగ్లీషు చదవడం రాకపోయినా ఆయనకదే వేదం.

చేపల చెరువుల బుల్లిరాజు ఆ గదిని మేత గోడౌను చేద్దామనుకున్నాడు. కూలీలు దెయ్యానికి జడిసి లోపల అడుగుపెట్టం అన్నారు.

"రామయ్యగారూ, ఒక్క రాత్రి వెళ్లిరండి. దెయ్యం లేదని మీరంటే పొద్దున్నే బస్తాలు దింపించేస్తాను."

"పుస్తకాలో?"

"పకోడీల కొట్టువాడు తూకానికి అడిగాడండీ. మీ ఇంగ్లీషుది మీరే పట్టుకెళ్లండి."

ఆ రాత్రే బయల్దేరాడు. గట్టెక్కేసరికి కరెంటు పోయి, చెరువుల్లో నీళ్లు చిలికే ఏరేటర్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో కాగితాల చప్పుడు — సర్... సర్...

తలుపు కింద నుంచి తెల్లగా పొగ.

"దెయ్యం లేదు," అన్నాడు పైకే. మరోసారి అన్నాడు. బుల్లిరాజు ఇచ్చిన తాళంచెవితో తాళం తీశాడు. పొగలో తెల్లగడ్డం ఒకటి కదిలింది...

"మెల్లిగా అండీ," అంది గుసగుసగా. "గాలి తగిలితే కాగితం లేచిపోద్ది."

టార్చి వేశాడు. ఏలూరు బైండింగు కొట్టు మొహిద్దీన్!

"మీ ఇంగ్లీషు పుస్తకానికి ఈ తోలట్ట నేనే కుట్టానండీ. కొల్లేటి చెమ్మకి పేజీలు అతుక్కుపోతాయని వారానికోసారి వెనకతలుపు నుంచి వచ్చి తిరగేస్తాను. పురుగు పట్టకుండా సాంబ్రాణి."

"పగలు రావచ్చుగా?"

"పగలైతే నలుగురొస్తారు. నలుగురొస్తే నాలుగు కాగితాలు పోతాయి."

"దెయ్యం పుకారు నీదేనా?"

"నేనెప్పుడన్నానండీ! వాళ్లే అనుకున్నారు... నేను కాదనలేదు."

రామయ్య పుస్తకం మీద చెయ్యి వేశాడు. మొహిద్దీన్ పట్టుకుని ఆపాడు.

"ఎత్తకండి. ఉన్నచోటే తిప్పాలి, కదిపితే పొడే. ఇంతకీ ఇందులో ఏముందండీ?"

"...భయపడొద్దని."

మొహిద్దీన్ తర్వాతి కాగితం తిప్పాడు.

తెల్లారింది. గట్టు కింద బుల్లిరాజు, మేత లారీ, ఊరు సగం.

"ఉందా అండీ?"

రామయ్య లారీని చూశాడు. గదిని చూశాడు.

"ఉంది," అన్నాడు చివరికి. "పుస్తకం ముట్టుకుంటే పీక పట్టుకుంటోంది."

లారీ వెనక్కి తిరిగింది. బుల్లిరాజు రెండు చేతులూ జోడించాడు.

"నలభై ఏళ్లకి మీ నోట ఒక నిజం విన్నామండీ!"