తుమ్మకంపకు అవతల

పొద్దున్నే తమ వాకిలి ఊడ్చి ముగ్గు వేశాక, మాణిక్యం తూర్పు పక్కనున్న ఖాళీ స్థలం కూడా ఊడ్చింది. అక్కడ ఇల్లు లేదు, గోడ లేదు. నాలుగు మూలలా నాలుగు కొయ్యమేకులు మాత్రం ఉన్నాయి. మామగారి తమ్ముడు పిచ్చయ్య కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇల్లు కట్టుకునేదాకా ఆ చోట గడ్డిపోచ మొలవకూడదని మామగారి ఆజ్ఞ.

నాట్లకు వచ్చిన సుంకలమ్మ అది చూసి నవ్వింది. పక్కూరు సిరిగేరి మనిషి, నోటికి అడ్డూ ఆపూ లేదు.

"ఎవురొస్తారని సుమ్నే, ఊరికే ఊడుస్తాండావమ్మా? మూడేండ్లాయె, ఈడికి కుక్క గూడా రాలేదు."

మాణిక్యం కూడా నవ్వింది. సుంకలమ్మ మడి వైపు వెళ్లిపోతే, మళ్లీ తనతో ఇంత మాట మాట్లాడే మనిషి ఉండదు.

ఆమె మామగారు శివరామకృష్ణయ్య మామూలు మనిషి కాదు. తుంగభద్ర కాలవ కింద భూములు చవగ్గా వస్తున్నాయని విని, ఉన్నది అమ్ముకుని, ఊళ్లో సగం మందిని వెంటబెట్టుకుని వచ్చాడు. వచ్చినవాళ్లు సిరిగేరిలో ఇళ్లు వెతకలేదు, బళ్ళారి వైపు చూడలేదు. కాలవ పక్కన, తమ చేల నడుమే క్యాంపు పేరుతో కొత్త ఊరు వేసుకున్నారు. ఆ రోజు తాడు పట్టి మేకులు కొట్టించింది ఆయనే. పాత ఊళ్లో ఎవరికి ఎవరు ఇరుగో, ఎవరికి ఎవరు పొరుగో, ఇక్కడా అంతే. నారుమడిలోంచి తీసి నాటినట్టు ఊరిని నాటేశాడు.

నాటినాయన కలుపు ఏరలేదు. అక్కడి తగాదాలూ మొక్కతోపాటే వచ్చాయి. పడమటి పక్క సుబ్బరామి ఇల్లు. ఆయనకూ మామగారికీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. ఎందుకయ్యా అంటే, అక్కడ రెండు చేల మధ్య గట్టుమీద తాటిచెట్లు ఎవరివని. ఇద్దరూ ఆ చేలు ఒకడికే అమ్మి వచ్చారు. వాడు చెట్లు కొట్టించి, గట్టు చదును చేసి, ఒకటే మడిగా దున్నుకుంటున్నాడు. గట్టు పోయింది, పగ మాత్రం భద్రంగా ఇంత దూరం వచ్చింది. రెండిళ్ల మధ్యా మనిషెత్తు తుమ్మకంప లేచింది.

కంపకు అవతల సుబ్బరామి కోడలు సరోజినీదేవి ఉంది. రైల్లో వచ్చేటప్పుడు ఆమే మాణిక్యమూ ఒకరి భుజంమీద ఒకరు తలపెట్టి నిద్రపోయారు. ఇక్కడ దిగాక ఒక్క మాట లేదు. ఆమె ఏ పచ్చడి నూరుతోందో వాసనబట్టి మాణిక్యానికి తెలుసు, గాజుల చప్పుడుబట్టి కోపమో శాంతమో కూడా తెలుసు. పలకరించడానికే హక్కు లేదు. ఇక వాన పట్టిందంటే నల్లరేగడి జిగురై బండి చక్రాలను ఇరుసుదాకా మింగేస్తుంది. తూర్పున మేకులు, పడమట కంప, ముందు కాలవ, వెనక బురద. ఒక్కోసారి మాణిక్యానికి ఊపిరాడేది కాదు.

ఆ రోజు మధ్యాహ్నం పిచ్చయ్య రానే వచ్చాడు. సిరిగేరిలో బస్సు దిగి, చెప్పులు చేత పట్టుకుని, మోకాళ్లదాకా బురదతో వచ్చాడు. అన్నగారి మొహం వెలిగిపోయింది. తమ్ముణ్ని కాళ్లన్నా కడుక్కోనివ్వకుండా మేకుల దగ్గరికి తీసుకెళ్లి, వంటిల్లు ఎటు రావాలో చూపించడం మొదలుపెట్టాడు.

పిచ్చయ్య తల వంచుకుని విన్నాడు. చివరికి నసుగుతూనే అసలు మాట చెప్పాడు. బళ్ళారిలో, సత్యనారాయణపేటలో ఇల్లు కొన్నాడట. బియ్యం వ్యాపారం పెడుతున్నాడట. తోడుకు అన్నకొడుకు పెదబాబునీ మాణిక్యాన్నీ తనతో పంపమని అడిగాడు.

మాణిక్యం తెచ్చిన మంచినీళ్ల చెంబు కింద పెట్టేసింది. సత్యనారాయణపేట అంటే ఆమె చూసింది లేదు. అయినా ఎవరో పలకరించే వీధిలో తను నిలబడి ఉన్నట్టు ఆ క్షణాన కనబడింది. మొగుడి వంక చూసింది. పెదబాబు అలవాటుగా తండ్రి మొహం చూస్తున్నాడు.

"ఎవరూ ఎక్కడికీ పోరు," అన్నాడు పెద్దాయన. "ఒక్క మేకు కదిలితే ఊరంతా కదుల్తుంది. నీ కోసం మూడేళ్లుగా ఈ చోటు కాపాడానురా."

"కాపాడింది మీరు కాదు, మావయ్యగారూ. రోజూ ఊడ్చింది నేను."

ఆ మాట తన నోటినుంచే వచ్చిందని మాణిక్యానికి కాసేపటికి గానీ తెలియలేదు. పెద్దాయన ఉరిమి చూశాడు. పెదబాబు మెల్లగా, "దాన్ని మాట్లాడనివ్వండి నాన్నా," అన్నాడు. పెళ్లయ్యాక అతను తండ్రికి ఎదురు చెప్పడం అదే మొదలు.

"రాని మనిషికి చోటు ఉంచారు. ఉన్న మనిషికి కంప అడ్డం వేశారు," అంది మాణిక్యం. కళ్లవెంట నీళ్లు కారుతున్నా ఆగలేదు. "నన్ను ఆ రెండింటి మధ్యా పెట్టారు. ఆయనంటే పడనప్పుడు క్యాంపు ఆ చివర వెయ్యొచ్చుగా. తాడు మీ చేతిలోనే ఉందిగా. పక్కనే ఎందుకు మేకు కొట్టించారు?"

శివరామకృష్ణయ్య తడబడుతూ పడమటి కంపదాకా నడిచాడు, వెనకే వాళ్లూ వెళ్లారు. అక్కడే మట్టిలో కూలబడ్డాడు. అంత పెద్దమనిషీ ఒక్కసారిగా ముసలివాడైపోయాడు.

"ఆ చివర వేద్దామనే అనుకున్నానమ్మాయ్. చెయ్యి రాలేదు. ఊహ తెలిసినప్పటినుంచీ పడమటి పక్క వాడి దగ్గు వినబడితేనే నాకు తెల్లారినట్టు. అది వినబడని ఇల్లు నాది కాదనిపించింది." ఉత్తరీయంతో కళ్లు ఒత్తుకున్నాడు. "నాకు వాడు కావాలి, నీకు ఎవరు కావాలో ఆలోచించలేదు."

కంపకు అవతల ఎవరో దగ్గారు. ఆ దగ్గు చాలాసేపు ఆగలేదు. తర్వాత సుబ్బరామి గొంతు వినబడింది.

"ఆ ముక్క తాటిచెట్లున్నప్పుడే చెప్పి ఏడవచ్చుగా. లే. ఆ కొస నువ్వు లాగు, ఈ కొస నేను లాగుతా. ముళ్లు, జాగ్రత్త."

ఇద్దరు ముసలాళ్లూ చేతులు గీరుకుపోతున్నా వినకుండా కంప లాగారు. దారి పడగానే సరోజినీదేవి పిండి చేతులతోనే వచ్చేసింది. ఏం మాట్లాడాలో తెలియక నిలబడి, "నీ పొయ్యి పొగ కనబడని పూట నాకు భయమేసేది వదినా," అంది. మాణిక్యం ఆమె భుజంమీద తల వాల్చి భోరుమంది.

సాయంత్రం వెళ్తూ పిచ్చయ్య మళ్లీ అడగలేదు. బాట ఆరాక బళ్ళారి పోతామంటే తనే బండి కట్టిస్తానని పెద్దాయన కోడలితో చెప్పాడు. ఆ మాటతోనే తమ్ముడి మేకులు నాలుగూ పెకలించి పొయ్యి దగ్గర పడేశాడు. పోయేదీ లేనిదీ అప్పుడే చెప్పలేనంది మాణిక్యం.

మర్నాడు తెల్లవారి చీపురు పట్టుకుని అలవాటుగా తూర్పుకు నడిచి, ఆగి, వెనక్కి తిరిగింది. కంప తీసిన చోట రాలిన ముళ్లు ఊడవడం మొదలుపెట్టింది. అటువైపునుంచి కూడా చీపురు చప్పుడు దగ్గరవుతోంది.