తొర్రూరు అంగడిలో పూబంతులాట

"దోమపోటు! ఇన్నవా? దోమపోటు!"

ఆంప్లిఫయర్‌ను చంటిపిల్లలా చంకనెత్తుకుని షాపులోకి దూసుకొచ్చిన అమ్మాయి, దాన్ని బల్ల మీద ధన్‌మని పెట్టి అన్న మొదటి మాట అది.

తొర్రూరు బస్టాండు ఎదురుగా ఉన్న ఆ రేడియో రిపేరు షాపు జైపాల్‌ది. రేడియోకు దగ్గొచ్చిందని, టేప్‌రికార్డర్ రిబ్బను నమిలిందని వచ్చేవాళ్లను చూశాడు గాని, దోమపోటు పట్టుకొచ్చిన వాళ్లను అదే మొదలు చూడటం.

"మందుల షాపు పక్కది," అన్నాడు.

"మందు నీకు గావాలె! పొద్దుగాల రిక్షాల కూసొని కొత్త సిన్మాకు అనౌన్స్ చేస్తున్న. 'ఆడపడుచులారా, అన్నదమ్ములారా, కన్నీళ్లు పెట్టించే కుటుంబ కథ' అన్ననో లేదో, గీ డబ్బల నుంచి రేడియో ముసలాయన మోపయిండు. 'వరి పైరుకు దోమపోటు సోకినచో' అంటడు! బజారు బజారంత నవ్వింది. మొన్న రిపేర్ చేసిచ్చింది నువ్వే గద?"

ఆ గొంతు ఎవరిదో జైపాల్‌కు అప్పటికి తెలిసింది. రామ్మోహన్ మైక్ సెట్ వాళ్ల రిక్షా గొంతు! సినిమా వచ్చినా, సర్కస్ వచ్చినా, ఎవరిదైనా దూడ తప్పిపోయినా తొర్రూరుకు ముందు చెప్పేది అదే. రిక్షా పరదా వెనక మనిషి ఎలా ఉంటుందో మాత్రం ఇదే చూడటం. చూస్తే, కోపంలో కూడా చక్కగానే ఉంది. ఆ సంగతి కళ్లలో కనపడనియ్యకుండా పెట్టె విప్పి లోపలికి తల దూర్చాడు.

"ఒక జాయింట్ లూజైంది. గందుకే రేడియో పట్టుకుంటున్నది. ఇయ్యాల్నే బాగు చేసిస్త."

"నవ్వకు."

"నవ్వుతలేను."

"మూతి నవ్వుతలేదు. చెవులు నవ్వుతున్నయి." ఆమె చూపు పక్కకు మళ్లింది. "గా టీవీకి ఏం రోగం? తెల్ల చుక్క అటిటు ఉరుకుతున్నది?"

జైపాల్ తల బయటికి తీశాడు. ప్రపంచంలో ఎవరైనా ఎప్పుడైనా ఆ ప్రశ్న అడుగుతారా అని అతను ఎదురుచూస్తున్నాడు మరి.

"రోగం గాదు, ఆట! నేనే తయారుజేసిన!"

అది ఎనభై ఆరో సంవత్సరం. టీవీ ఉన్న ఇంటికి ఊరంతా చుట్టాలే అయిన కాలం. హైదరాబాద్‌లో టీవీ మీద ఆటలాడుతున్నారని విన్నాడు జైపాల్. విన్నవాడు ఊరుకోవచ్చు కదా? ఊరుకోలేదు. కోఠి చుట్టూ తిరిగి సామాను తెచ్చాడు. చిన్న నలుపు తెలుపు టీవీ, లారీ బ్యాటరీ, రెండు సబ్బు పెట్టెలు. ఒక్కో సబ్బు పెట్టెకు ఒక్కో మర. మర తిప్పితే తెర మీద కర్ర పైకీ కిందికీ కదులుతుంది. చుక్కను ఇవతలివాడు కొట్టాలి, అవతలివాడు తిప్పి కొట్టాలి. ఇదంతా తోపుడు బండి మీద పెట్టుకుని ఒకరోజు తొర్రూరు, ఒకరోజు మానుకోట, ఇంకోరోజు జనగామ, అంగడి అంగడికీ ఆటను తిప్పాలని అతని కల.

"ఏదీ, ఇటియ్యి," అని ఆమె ఒక సబ్బు పెట్టె లాక్కుంది.

ఆట మొదలైంది. కాసేపటికే అయిపోయింది. జైపాల్ చిత్తుగా ఓడిపోయాడు.

"ఓ పిలగా, ఆట చేసినోనికే ఆట రాదా?" పగలబడి నవ్విందామె. పొద్దున బజారులో పోయిన పరువంతా అక్కడే వసూలు చేసుకుంది. "నా పేరు సునంద. ఓడిపోయినంక పేరన్న ఎరుకుండాలె గద."

పేరు అడిగే ధైర్యం లేక నలుగుతున్న జైపాల్‌కు ఓడిపోవడం ఎంత లాభమో అర్థమైంది.

ఆ లాభం ఎక్కువసేపు నిలవలేదు. జైపాల్ బాపు వెంకట్రాం పటేలు గొడుగు టకటకలాడించుకుంటూ వచ్చి గడపలోనే నిలబడ్డాడు.

"ఏరా, ఇంక చుక్కల్నే సూస్తున్నవా? సూడు బిడ్డా," అని సునందకు మొరపెట్టుకున్నాడు, "ఎవుసం చెయ్యమంటే చెయ్యడు. రేడియోలు బాగు చేసుడు ఇడిశిపెట్టి గీ చుక్క ఎంబడి పడ్డడు. భూపాలపల్లిల వాళ్ల మేనమామకు కలప డిపో ఉన్నది, పోయి కూసోమంటే ఇనడు."

"బాపూ, రేపటి అంగడిల పెడుతున్న గద..."

"పెట్టు. పదిమంది ముంగట పెట్టు. జనం ఆడితే నేను నోరెత్త. ఆడకపోతే మాత్రం తెల్లారి భూపాలపల్లి బస్సెక్కాలె, షాపుకు తాళమెయ్యాలె. మాటంటే మాట!"

ఆయన వెళ్లిపోయాడు. భూపాలపల్లి అంటే జైపాల్‌కు భయమని కాదు. దుంగల మధ్య కూర్చుంటే చేతిలో సాల్డరింగ్ కడ్డీ ఉండదు, బజారులో ఈ గొంతూ వినపడదు. రెండూ లేని బతుకు తలచుకుని మొహం వేలాడేశాడు.

"మొకం గట్ల వెట్టకు," అంది సునంద. "నువ్వు నా డబ్బ బాగు చెయ్యి, నేను నీ ఆటకు మైకుల చెప్త. పేరేం వెట్టినవ్?"

"ఎలక్ట్రానిక్ టేబుల్ టెన్నిస్ కాంపిటీషన్."

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! గా పేరు చదివేలోపు అంగడి ఎత్తేస్తరు. తొర్రూరుల టెన్నిస్ ఎవలకెరుక?" ఆమె ఒక్క క్షణం తెర వైపు చూసింది. అటు కర్ర, ఇటు కర్ర, నడుమ బంతి. పెదవి చివర ఏదో మెరిసి మాయమైంది. "పూబంతులాట అని చెప్త."

"పూబంతులాట! అబ్బ, మస్తుంది!" అన్నాడు జైపాల్. తెలివైనవాళ్ల తెలివి ఒక్కోసారి మేతకు పోతుంది. ఆ సమయంలో వాళ్లేం ఒప్పుకున్నారో వాళ్లకే తెలియదు.

మర్నాడు అంగడి. ఆకాశం పొద్దుటి నుంచే మొహం మాడ్చుకుంది. మిరపకాయల రాశులకూ గాజుల దుకాణాలకూ మధ్య జైపాల్ బండి పెట్టాడు. పక్కనే రిక్షాలో మైకు మొదలైంది.

"ఆడపడుచులారా, అన్నదమ్ములారా! మన తొర్రూరు అంగడిలో, మొట్టమొదటిసారిగా, టీవీలో పూబంతులాట! రండి! చూడండి! ఆడండి!"

జనం వచ్చారు. అలా ఇలా కాదు, బేరాలు వదిలేసి వచ్చారు. జైపాల్ గుండె ఉబ్బింది. ముందు వరుసలో ఎల్లిగడ్డలమ్మే ముత్తమ్మ కొంగులో ఏదో మూటగట్టుకుని మరీ నిలబడింది.

"బిడ్డా, పిల్లెవలు? పిలగాడెవలు?"

"ఏ పిల్ల అవ్వా?"

"లగ్గం పిల్ల! పూబంతులాటంటిరి గద? అచ్చింతలు తెచ్చిన. ఏరి, ఇంక రాలేదా?"

జైపాల్‌కు అప్పుడు వెలిగింది. లగ్గమైనాక పిల్లనూ పిలగాన్నీ ఎదురెదురు కూర్చోబెట్టి, పూలచెండు ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు విసురుకొమ్మంటారు. చుట్టూ చుట్టాలు చేరి ఒకటే ఎక్కిరింపులు. ఆ ఆట ఇంకెవరూ ఆడరు. ఆడకూడదు!

"లగ్గం గాదవ్వా, ఒట్టి ఆట. ఎవలన్న ఆడొచ్చు. భీమ్లన్నా, నువ్వురా! దోస్తు ఉన్నడు గద, ఇద్దరు ఆడున్రి."

తండా నుంచి మిరప తెచ్చిన భీమ్లా, పక్కనున్న లింగ్యాను కిందికీ పైకీ చూశాడు. "గీనితోటా? మీసాలున్న పెండ్లిపిల్లను ఏడ సూసినవే?"

అంగడంతా గొల్లుమంది. జైపాల్ ఆలుమగలను బతిమాలాడు. ఆడవాళ్లు కొంగులు నోటికడ్డం పెట్టుకున్నారు, మగవాళ్లు బీడీలు వెతుక్కున్నారు. నలుగురిలో పెండ్లాంతో బంతులాడటానికి ఎవరికి ధైర్యం? పూలు లేని పూబంతులాటను కాసేపు చూసి జనం పలచబడసాగారు. వెనక వరుసలోంచి వెంకట్రాం పటేలు గొడుగు ముందుకొచ్చింది.

"సూసేటోళ్లున్నరు గని ఆడేటోళ్లు లేరు కొడుకా," అన్నాడు. గొంతులో కోపం కంటే జాలే ఎక్కువుంది. జైపాల్‌కు అదే మరీ గుచ్చుకుంది.

అతను రిక్షా దగ్గరికి ఉరికాడు. "పేరు వెట్టి కొంప ముంచినవ్ గదనే!"

"జనం వచ్చిన్రా లేదా?"

"వచ్చిన్రు, ఆడుతలేరు!"

"ఒక్క జంట ఆడి చూపెడితే సిగ్గిడుస్తరు."

"ఎవలాడుతరు?"

సునంద మైకు కింద పెట్టింది. రిక్షా దిగింది. పరదా వెనక గొంతును అంగడి మొదటిసారి కళ్లారా చూసింది. నేరుగా బండి దగ్గరికి వెళ్లి సబ్బు పెట్టె అందుకుంది.

"ఊరేమంటదో ఎరుకేనా?" గుసగుసగా అన్నాడు జైపాల్.

"ముందుగాల ఆడు. మల్ల ఓడిపోతవని భయమా?"

ఆ మాటకు పడనివాడు మగాడా! జైపాల్ రెండో పెట్టె అందుకున్నాడు.

చుక్క అటు వెళ్లింది. ఇటు వచ్చింది. పోయిన జనం పరుగున తిరిగొచ్చారు. ఎవరు చెప్పారో ఏమో, చూస్తుండగానే ఆడవాళ్లంతా పిల్ల దిక్కు, మగవాళ్లంతా పిలగాని దిక్కు చేరారు. ముత్తమ్మ పాటందుకుంది, పిలగానికి చేతుల్లేవని, ఉన్నా వంకరని. భీమ్లా ఈల వేశాడు. చిటపట చినుకులు మొదలయ్యాయి. టీవీ తడుస్తుందేమోనని జైపాల్ కంగారుపడేలోపే దాని మీదికి ఒక గొడుగు వచ్చింది. గొడుగు కింద బాపు! తన తల తడుస్తున్నా పట్టకుండా తెరకే కళ్లప్పగించి, "కొట్టురా! అరే, పైకి! పైకి తిప్పు!" అని ఊగిపోతున్నాడు.

జైపాల్ మాత్రం ఆ సమయంలో తెర చూడటం లేదు. ముంగురుల మీద వాన చినుకులతో, నాలుక కొస పంటి కింద పెట్టుకుని మర తిప్పుతున్న సునందను చూస్తున్నాడు. చుక్క అతన్ని దాటిపోయి చాలాసేపైంది.

"పిల్ల గెలిచింది!" ఆడవాళ్ల కేకలకు గాజుల దుకాణం గలగలలాడింది.

ఇక ముత్తమ్మ ఆగలేదు. మూలన ముడుచుకున్న మొగుడు సారయ్యను రెక్క పట్టి లాక్కొచ్చింది. "మా లగ్గం కరువు ఏడాదిల అయింది. పూలు లేవు, బంతి లేదు. ఇయ్యాల ఆడుతం. పట్టు ముసలోడా!" సారయ్య సిగ్గుపడుతూనే పట్టాడు. వాళ్ల వెనక ఇంకో జంట, ఆ వెనక మరో జంట. బండి చుట్టూ వరుస కట్టారు. భీమ్లా కూడా పెండ్లాన్ని పిలుచుకురావడానికి మిరపకాయలు వదిలి ఉరికాడు.

అంతలో సునంద నాయిన రామ్మోహన్ జనాన్ని తోసుకుంటూ వచ్చాడు.

"పటేలా, గిదేం పని? నలుగురి ముంగట నా బిడ్డ నీ కొడుకుతోటి పూబంతులాడిందట! రేపు ఏ మొకం వెట్టుకొని సంబంధం దేవులాడాలె నేను?"

నవ్వులు ఆగిపోయాయి. వెంకట్రాం గొడుగు కిందికి జారింది. సునంద తల వంచుకుంది. అప్పటిదాకా ఆటగా ఉన్నది జైపాల్‌కు ఒక్కసారిగా బరువనిపించింది. ఆట గెలిచింది, షాపు నిలిచింది, కాని దానికి ఈ పిల్ల పేరు పోతే?

అతను రిక్షా ఎక్కి మైకు అందుకున్నాడు.

"అన్నలారా, అక్కలారా, జర ఇనున్రి. గిది ఒట్టి ఆట. ఎట్లాడాల్నో గీ అమ్మాయి చూపెట్టింది, అంతే. ఆమె దిక్కు నుంచి గిండ్ల వేరే ఏం లేదు. మీరెవలు ఒక్క మాట అనొద్దు..."

రిక్షా పక్కన చతికిలబడ్డ సునంద, చక్కగా ఉన్న మైకు తీగను చిక్కు పెట్టి మళ్లీ విప్పుతోంది. అతని వైపు చూడటం లేదు. ఆ వేళ్లను చూసి జైపాల్ మైకును ఇంకో చేతికి మార్చుకున్నాడు. అబద్ధం మైకులో చెబితే ఊరంతటికీ వినిపిస్తుంది, మరి నిజం?

"ఆమె దిక్కు నుంచి ఏం లేదు," అన్నాడు మళ్లీ. "నా దిక్కు నుంచి ఉన్నది. శానా ఉన్నది. రెండేండ్ల సంది గీ గొంతు ఇంటున్న. ఒక్క సిన్మా సూడలే గని అన్ని అనౌన్స్‌మెంట్లు ఇన్న. ఆమెకు ఇష్టముంటేనే. లేకుంటే నేను భూపాలపల్లి పోత."

అంగడిలో బేరాలు ఆగాయి. మేకలు కూడా అరవలేదంటే నమ్మండి. సునంద లేచింది, వచ్చి మైకు అతని చేతిలోంచి లాక్కుంది, గొంతు సవరించుకుంది.

"ఆడపడుచులారా, అన్నదమ్ములారా! తొర్రూరు అంగడికి విచ్చేసిన సమస్త ప్రజలారా! ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా..." ఎన్ని సినిమాలు అనౌన్స్ చేసినా వణకని గొంతు అక్కడ వణికింది. "నా దిక్కు నుంచి సుత ఉన్నది."

ముత్తమ్మ అక్షింతలకు అప్పుడు పని దొరికింది. సగం వాళ్లిద్దరి మీదా పడ్డాయి, సగం రామ్మోహన్ నెత్తిన పడ్డాయి.

ఆయన అక్షింతలు దులుపుకుంటూ కూతుర్ని చూశాడు. ఆ మొండి పిల్ల ఇంకా మైకు దించలేదు. వెంకట్రాం పటేలే ముందుకొచ్చి గొడుగు ఆయన మీదికి పట్టాడు.

"తడుస్తున్నవ్, గొడుగు కిందికి రా బావా."

"బావనా?" అన్నాడు రామ్మోహన్. గొడుగును చూశాడు, బండి ముందు వరుసను చూశాడు. "మీ వాడు ఆటల ఓడిపోయిండట గద?"

"నీ బిడ్డ చేతిల ఓడిండు, నాకు ఖుషీ. ఇంట్ల అదుపుల ఉంటడు."

రామ్మోహన్ మొహంలో నవ్వు దాగలేదు. కాగల కార్యం గంధర్వులు తీర్చినట్టు, తమ వంతు కోసం తోసుకుంటున్న జంటల మధ్యే ఇద్దరు పెద్దమనుషులూ లగ్గం మాటలు మొదలుపెట్టారు.

వాన వెలిసింది. అంగడి పలచబడింది. బండి సర్దుతూ జైపాల్ చాలాసేపు ఆలోచించి అడిగాడు.

"నిన్న గా పేరు వెట్టినప్పుడు గిట్లయితదని నీకెరుకలేదు గద?"

సునంద అతని వైపు జాలిగా చూసింది.

"ఊర్ల ఏ లగ్గమైనా మా మైకే కడుతరు. పూబంతులాటకు పిల్లను, పిలగాన్ని పిలిచేది నేనే."

జైపాల్ చుట్టిన తీగనే మళ్లీ చుట్టాడు.

"పట్టు, ఇంకో ఆట," అని సబ్బు పెట్టె అతని చేతిలో పెట్టింది. "గీసారన్న నన్ను గాదు, బంతిని సూడు."

అతను మళ్లీ ఓడిపోయాడు.