గంటా పది నిమిషాల ప్రయాణం

"మా ఆయన చెయ్యలేదు సార్. పెద్దయ్య మీద చెయ్యెత్తే మనిషి కాదు" అంటూ అంకాలమ్మ గుమ్మంలోనే కూలబడింది.

ముప్పై ఏళ్లుగా నెల్లూరులో ప్రైవేటు డిటెక్టివ్‌గా ఉన్న జ్ఞానప్రకాశం అలసిన కళ్లు తుడుచుకున్నాడు. ఇలాంటి ఏడుపులు ఆయన చాలా విన్నాడు. సహాయకురాలు వాణి ఆమెను లేపి కుర్చీలో కూర్చోబెట్టింది.

బుధవారం పొద్దున ఆరున్నరకు ఇంటి నుంచి బయల్దేరిన అల్లూరు రైతు హజరత్తయ్య, ఏడున్నరకు తన పొలంలోని మోటారు షెడ్డులో తల పగిలి చనిపోయి కనిపించాడు. శవాన్ని ముందు చూసింది కాపలాదారు చిన్నపోలయ్య, అంకాలమ్మ భర్త. పోలీసులు అతన్నే పట్టుకున్నారు.

"పెద్దయ్యకు ఎవరితోనైనా తగాదా ఉండిందా?"

"తమ్ముడు నరేంద్రబాబుతో సార్. ఆ మడిని రొయ్యల గుంటలు చేద్దామని ఆయన, వరి తప్ప వెయ్యనని పెద్దయ్య. కానీ ఆయన హైదరాబాదు నుంచి మధ్యాహ్నం పన్నెండుకు గదా వచ్చినాడు! ఆ పొద్దు మద్రాసు దాకా ఒకటే వానంట, నిలువునా తడిసిపోయినాడు."

మర్నాడు అల్లూరులో నరేంద్రబాబు ఫోన్లో విమానం టికెట్టు చూపించాడు.

"మద్రాసులో పనుండి ఆరింటికి హైదరాబాదులో ఎక్కినాను. ఐదొందల ఇరవై కిలోమీటర్లు, గంటా పది నిమిషాలు. దిగినాక వదిన ఫోను. కారెక్కి నేరుగా వచ్చేసినాను."

"దారిలో ఇబ్బందేమైనా?"

"ఏమీ లేదు. టైముకే దిగినాం."

తిరుగుదారిలో వాణి నిట్టూర్చింది. "ఈయన కాదు సార్. టికెట్టుంది గదా."

"టికెట్టు కొన్నవాళ్లంతా ఎక్కరమ్మా" అని జ్ఞానప్రకాశం విమానాశ్రయంలో తెలిసినవాళ్లకు ఫోన్ చేశాడు.

ఆ సాయంత్రం హజరత్తయ్య ఇంటి వరండాలో ఆయన భార్య ప్రమీలమ్మ, నరేంద్రబాబు, అంకాలమ్మ, సి.ఐ. కూర్చున్నారు. జ్ఞానప్రకాశం గొంతు పెంచలేదు.

"నరేంద్రబాబు గారూ, మీరు చెప్పిన దూరం, టైము రెండూ సరైనవే. ఎవరైనా ఫోన్లో చూసి చెప్పగలరు. కానీ బుధవారం ఆ విమానం వానకు మద్రాసులో దిగలేక, నలభై నిమిషాలు పైనే తిరిగి బెంగుళూరు పోయింది. మళ్లీ మద్రాసు చేరేసరికి పదకొండు. అందులో వచ్చినవాళ్లు టైముకే దిగామని చెప్పరు. పన్నెండుకు అల్లూరులోనూ ఉండలేరు."

"విమానం ఎక్కినవాళ్ల లిస్టు తెప్పించినాం. మీ సీటు ఖాళీ" అన్నాడు సి.ఐ.

నరేంద్రబాబు చేతిలోని ఫోను పక్కన పెట్టాడు.

"టికెట్టు నిజంగానే కొన్నాను. మనసాగక ముందురోజే రైలెక్కినాను, అన్నతో ఒక్కసారి మాట్లాడదామని. నా బొందిలో ప్రాణముండగా ఆ మడిలోకి ఉప్పునీళ్లు రావన్నాడు. తోసేసినాను. మోటారు మీద పడినాడు. పొద్దు నెత్తికెక్కేదాకా పొలం పక్క చవుకు చెట్ల తోపులో తడుస్తా కూర్చున్నాను."

వాణి మెచ్చుకోలుగా జ్ఞానప్రకాశాన్ని చూసింది. ఆయన ప్రమీలమ్మను చూస్తున్నాడు.

"దూరం నుంచి వచ్చినావని, ఆ పొద్దు ముందు నీకే కాఫీ ఇచ్చినాను గదయ్యా" అంది ఆమె.

అంకాలమ్మ లేచి వెళ్లి ఆమె పక్కన కూర్చుంది. తన భర్తను ఎప్పుడు వదులుతారని అడగాలనుకున్న మనిషికి నోరు రాలేదు.

"చిన్నపోలయ్యను ఈ పూటే పంపించండి" అని జ్ఞానప్రకాశమే సి.ఐ.తో మెల్లగా అన్నాడు.