మెర్కాదాను కొనుక్కున్న అత్త

“ఆ దీపం తీసేయండి! మీ చెల్లెలి పేరుతో ఇక్కడ దీపం వెలిగితే నేను ఈ గదిలో ఉండను!”

ఎస్త్రేయా అరుపుకి గోడ అవతలివాళ్ళు కూడా మాటలు ఆపేశారు. సొంత ఇంట్లో వాళ్ళకి మిగిలింది ఆ ఒక్క గదే. యుద్ధంలో ఖాళీ అయిన యూదుల ఇళ్ళలో గ్రీసులోని ఈ సలోనికా నగరమంతటా ఎవరెవరో చేరిపోయి, తిరిగొచ్చిన సొంతదారులనే పరాయివాళ్ళలా చూస్తున్నారు! భర్త సబెతాయ్ నూనెదీపాన్ని కిటికీ వైపు జరిపాడు. తోడబుట్టిన పాలోంబా కోసం దీపం పెట్టుకోవడానికి కూడా నోచుకోలేదే అని అతని బాధ.

ఎస్త్రేయా కడుపుమంట అంతకంటే పెద్దది. కూతురు లూనాకి మూడేళ్ళప్పుడు టైఫాయిడ్ వచ్చి చావు దాకా వెళ్ళింది. అప్పుడు ఆచారం ప్రకారం పిల్లని మేనత్త పాలోంబాకి ఒక నాణేనికి అమ్మి, పేరు మార్చేశారు. మృత్యువు లూనాని వెతుక్కుంటూ వస్తే ఆ ఇంట్లో లూనా ఉండకూడదు కదా! అలా అది మెర్కాదా అయింది... అంటే కొనుక్కున్న పిల్ల. పిల్ల బతికింది. పెళ్ళీ పెటాకులూ లేని పాలోంబాకి ‘కొన్నమ్మా’ అని పిలిపించుకునే భాగ్యం దక్కింది.

తర్వాత యుద్ధం. ఏథెన్స్‌లో ఉన్న భర్తకి జబ్బు చేస్తే, తొమ్మిదేళ్ళ మెర్కాదాకి బడి పోకూడదని పాలోంబా దగ్గరే వదిలి వెళ్ళింది ఎస్త్రేయా. బడి! ఆ బడిని తలుచుకుంటే ఇప్పటికీ తల గోడకి కొట్టుకోవాలనిపిస్తుంది. నెల తిరక్కుండానే జర్మన్లు యూదులెవరూ ఊరు దాటకూడదన్నారు. పిల్లని దాచి తీసుకురమ్మని నమ్మకమైన రైలు డ్రైవర్ని పంపింది. ఊరూపేరూ తెలియని మగాడి వెంట పంపనని పాలోంబా తలుపేసుకుంది. ఆ తర్వాత కొద్దిరోజులకే మేనత్తనీ మేనకోడల్నీ పోలండ్‌లోని నిర్బంధ శిబిరానికి వెళ్ళే రైలు ఎక్కించారు...

“నా బిడ్డని నాకివ్వలేదు కదండీ! నిజంగానే కొనేసుకున్నాననుకుంది మహాతల్లి!” అని వెక్కివెక్కి ఏడ్చింది.

అప్పుడే తలుపు తట్టిన చప్పుడైంది. వచ్చింది జోయా సపోర్తా. పందొమ్మిదేళ్ళ పిల్ల, చేతి మీద పచ్చబొట్టు అంకెలు. ఆ రైల్లో వెళ్ళి ప్రాణాలతో తిరిగొచ్చిందని తెలిసి సబెతాయే రమ్మన్నాడు. ఎస్త్రేయా గబగబా రొట్టె కోసింది, ఆలివ్‌లు పెట్టింది, కాఫీ కలిపింది.

“ముందు తినమ్మా. తిన్నాక చెబుదువుగాని.”

“తిన్నాకైనా ఇదే చెప్పాలి కదా పిన్నీ...” జోయా పళ్ళెం ముట్టుకోలేదు. “రైల్లో పాలోంబా అక్క ఒకటే కుమిలిపోయింది. ‘వదిన అడిగినప్పుడే పంపేయాల్సింది, నా పిరికితనమే కొంప ముంచింది’ అని. దిగగానే మమ్మల్ని రెండుగా విడదీశారు. అక్క గట్టి మనిషి కదా, నా పక్కన నిలబెట్టారు. మెర్కాదాని ముసలివాళ్ళతో అటువైపు...”

“ఒక్కదాన్నేనా?”

మూడేళ్ళుగా ఎస్త్రేయాను లోపల్లోపల తినేస్తున్న ప్రశ్న అదొక్కటే! బతికుందా అని కనబడినవాళ్ళందరినీ అడిగింది గాని, ఇది అడిగే ధైర్యం ఇంతవరకూ రాలేదు.

“లేదు పిన్నీ. మూటలు మోసే ఖైదీ ఒకడు ఫ్రెంచిలో గొణిగాడు, ‘పిల్ల నీది కాదను, బతికిపోతావు’ అని. ‘నాది కాకపోవడమేంటయ్యా? కొనుక్కున్నాను!’ అంది అక్క. నా చెయ్యి విదిలించుకుని పరిగెత్తింది. చెప్పు ఊడిపోయిందని మెర్కాదా ఏడుస్తోంది. అక్క ఒంగి తొడిగింది. తర్వాత చెయ్యి పట్టుకుని నడిపించుకెళ్ళింది. అటు వెళ్ళినవాళ్ళు ఒక్కరూ తిరిగి రాలేదు పిన్నీ...”

సబెతాయ్ లేచి కుర్చీ పక్కకి జరిపాడు. “చావు కబురు ఇంత ఆలస్యంగా వస్తే ఏడు రోజులు నేల మీద కూర్చుని దుఃఖించనక్కర్లేదు. ఒక్క గంట చాలంటుంది మన ధర్మం.”

“గంటా! తొమ్మిదేళ్ళ పిల్లకి ఒక్క గంటా!”

అయినా కూర్చున్నారు. చెప్పులు విప్పి, మెడ దగ్గర బట్ట చింపుకుని, నేల మీద. జోయా కూడా వాళ్ళ పక్కనే కూలబడింది. గంట ఎప్పుడు అయిపోయిందో ఆ తల్లికి తెలియనే లేదు. సబెతాయ్ లేచి చెయ్యందించాడు. ఆమె అందుకోలేదు.

“మీ చెల్లెలికి కూడా కూర్చోవాలి కదండీ...”

“అది నా వంతు. ఆడపడుచు కోసం నువ్వు కూర్చోవాలని ఎక్కడా లేదు ఎస్త్రేయా.”

“లేకపోతే పోనీయండి. ఆవిడ పంపించి ఉంటే నా బిడ్డ బతికేది... అది చచ్చేదాకా మరిచిపోలేను, నన్ను మరిచిపొమ్మనకండి. కానీ అక్కడ, ఆ చోట, ఆగి చెప్పు తొడిగింది చూశారా... నేనైతే ఆగేదాన్నో, భయంతో బిడ్డని ఒట్టి కాళ్ళతో ఈడ్చుకెళ్ళేదాన్నో!”

సబెతాయ్ మళ్ళీ ఆమె పక్కనే నేల మీద కూర్చున్నాడు.